గ్లౌజులు వేసుకుంటే ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన బిడ్డల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) బిడ్డను ముట్టుకునే ముందు చేతులు కడుక్కోనక్కర్లేదా?

కడుక్కోవాల్సిందే, పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ సోకకుండా ఆపే పనుల్లో ముందు వరుసలో ఉండేది చేతుల శుభ్రతే, గ్లౌజులు దానికి బదులు కావు.

తల్లి నుంచి బిడ్డకు చేరే, క్రిములతో పోరాడే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం గర్భం చివరి మూడు నెలల్లోనే అందుతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ రక్షణ తక్కువ, చర్మం కూడా బాగా పల్చన. పైగా సెలైన్ సూదులు, గొట్టాలు క్రిములకు నేరుగా దారి ఇస్తాయి. గ్లౌజులతో డైపర్ మార్చి, అవే గ్లౌజులతో సెలైన్ గొట్టం మూత తిప్పారనుకోండి. మలంలోని క్రిములు రక్తంలోకి వెళ్లే వీలుంది. మార్చినవారికి మాత్రం తమ చేతులు శుభ్రంగానే ఉన్నాయనిపిస్తుంది!

గ్లౌజు ఉంటే చాలన్న అపోహ ఇక్కడే దెబ్బతీస్తుంది. దానికి కంటికి కనపడని రంధ్రాలు ఉండొచ్చు, తీసేటప్పుడు చేతికి మురికి అంటొచ్చు. అందుకే వేసుకునే ముందూ, తీశాకా చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. బొటనవేలు, వేళ్ల సందులు చాలామంది మర్చిపోతారు. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతికి మురికి కనిపిస్తుంటే సబ్బూ నీళ్లే వాడాలి. ఉంగరాలు, గాజులు, వాచీ ముందే తీసేయాలి.