చిన్నబడిన పొట్టలో మొదటి చోటు ఎవరికి?

బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవారు, వాళ్ల ఇంట్లోవాళ్లు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఇక్కడ మాట్లాడేది స్లీవ్, బైపాస్ అనే రెండు రకాల సర్జరీల గురించి. ఈ బైపాస్ గుండెకు చేసేది కాదు, పొట్టకు చేసేది. స్లీవ్‌లో పొట్టను ముప్పావు వంతుకు పైగా తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెంటికీ జాగ్రత్తలు కొంత వేరు కాబట్టి, ఏ సర్జరీ జరిగిందో తప్పకుండా రాయండి. మీ సర్జన్ ఇచ్చిన సూచనలకూ మా జవాబుకూ ఎక్కడైనా తేడా వస్తే మీ సర్జన్ మాటే వినండి.

ప్రశ్న: స్లీవ్ సర్జరీ అయ్యి 24 రోజులైంది. మొదటి రెండు వారాల్లో 8 కిలోలు తగ్గాను. ఆ తర్వాత తొమ్మిది రోజులుగా కాటా కదలడం లేదు. తాగేది ద్రవాలు, తినేది నాలుగు చెంచాల మెత్తటి తిండి. ఇంకా తగ్గించమంటారా?

వద్దండీ, అస్సలు తగ్గించకండి. మూడో వారం చుట్టుపక్కల బరువు ఇలా ఆగిపోవడం చాలామందిలో చూసేదే. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. సర్జరీ కాగానే తిండి తగ్గి ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. మొదట్లో కిలోలు గబగబా దిగడానికి ఒక ముఖ్య కారణం అదే. తర్వాత శరీరం కొంత నీటిని మళ్లీ పట్టి ఉంచుతుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా కాటా మీద అది కనపడదు. దీనికి తోడు మలబద్ధకం ఉన్నా, ఆడవాళ్లకు నెలసరి దగ్గరపడినా ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు తిండి ఇంకా కోస్తే పోయేది కండ. కండ పోతే నీరసం వస్తుంది, ముందు ముందు బరువు నిలబెట్టుకోవడమూ కష్టమవుతుంది. రోజుకు లీటరున్నర ద్రవాలు వెళ్తున్నాయో లేదో చూసుకోండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలడం లేదన్నమాట. కాటా ఎక్కడం వారానికి ఒక్కసారే పెట్టుకోండి: ప్రతి వారం ఒకే రోజున, పొద్దున్నే, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, అవే బట్టలతో. అదే రోజు బొడ్డు దగ్గర టేపుతో నడుం కొలిచి రాసుకోండి. కాటా ఆగిన వారాల్లో టేపు కదలడం చాలామందికి ఊరటనిస్తుంది.

ప్రశ్న: నా భార్యకు స్లీవ్ అయ్యి ఆరు వారాలు. మెత్తటి తిండి మొదలుపెట్టాక రెండు ముద్దలకే ఛాతీలో పట్టేసినట్టవుతోంది. నోటినిండా నురగ ఊరి, కాసేపటికి వాంతి అవుతోంది. నాలుగు రోజులుగా నీళ్లు కూడా సరిగా నిలవడం లేదు. తినడం అలవాటయ్యేదాకా ఇంతేనా?

మీ ఉత్తరంలో చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. నీళ్లు నిలవకపోతే అలవాటు పడేదాకా ఆగకూడదు. ఆమెను ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈ స్థితిలో ఉన్నవారెవరూ పత్రికకు రాసి జవాబు కోసం చూడొద్దు.

ఇవాళే వెళ్లమనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, గొట్టంలా మిగిలిన పొట్ట మధ్యలో ఎక్కడో సన్నబడి ఉండొచ్చు. ఎండోస్కోపీలో చూసి, బెలూన్‌తో వెడల్పు చేసే వీలుంటుంది. రెండోది ఇంకా తొందర చేయాల్సిన సంగతి. విటమిన్ బి1 నిల్వ మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి తక్కువై, పైగా వాంతులు మొదలైతే అది అడుగంటిపోతుంది. అప్పుడు మెదడు దెబ్బతింటుంది. వస్తువులు రెండుగా కనిపించడం, కళ్లు అదురుతున్నట్టు కదలడం, నడకలో తూలడం, మాటల్లో గందరగోళం దాని లక్షణాలు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

ఆస్పత్రిలో ఈ మాట మీ నోటితోనే చెప్పండి: "ఆరు వారాల క్రితం స్లీవ్ సర్జరీ అయింది, వాంతులు అవుతున్నాయి. గ్లూకోజ్ ఎక్కించేముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి." గ్లూకోజ్‌ను ఒళ్లు వాడుకోవాలంటే బి1 కావాలి. మిగిలిన కొద్దిపాటి బి1నూ ఆ గ్లూకోజే ఖర్చు చేయించేస్తుంది, అందుకే ఈ వరస. వాంతులవుతున్నప్పుడు మాత్రతో పని జరగదు.

నీళ్లు బాగానే దిగుతూ, అప్పుడప్పుడు మాత్రమే ముద్ద పట్టేసేవారికి వేరే సంగతి చెప్పాలి. వాళ్ల ఇబ్బంది చాలావరకు తినే తీరులోనే ఉంటుంది. ఒక ఉడికించిన గుడ్డునే తీసుకోండి. ఎనిమిది ముక్కలు చేయండి. టీ చెంచాతో ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పేస్టులా అయ్యేదాకా ఇరవై, పాతికసార్లు నమలండి. మింగాక చెంచా ప్లేటులో పెట్టేయండి. నిమిషం ఆగి రెండో ముక్క. ఆ ఒక్క గుడ్డుకు పది నిమిషాలు, మొత్తం భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా కూడా తాగకూడదు.

పాత పొట్టకు కడుపు నిండిన సంగతి తెలిసేది. కొత్త పొట్ట సైగలు వేరు: ఉన్నట్టుండి ముక్కు కారడం, ఎక్కిలి, ఒక తేన్పు, రొమ్ము ఎముక కింద బిగువు. వీటిలో ఏది కనిపించినా చేతిలో ఉన్న ముద్ద వదిలేయాలి. వాంతి తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఆ తర్వాతి చెంచానే. పట్టేసినప్పుడు నీళ్లతో నెట్టాలని చూస్తే పైన నురగ ఇంకా పెరుగుతుంది. లేచి మెల్లగా నడవండి, దానంతటదే దిగనివ్వండి. ఆ రోజంతా ద్రవాలతో సరిపెట్టుకోండి. ఎక్కువగా పట్టేసేవి మళ్లీ వేడిచేసి పొడిబారిన కోడిమాంసం, నోట్లో ఉండకట్టే మెత్తటి బ్రెడ్డు, ముద్దగా అతుక్కునే అన్నం.

ప్రశ్న: స్లీవ్ అయ్యి మూడు నెలలైంది. మాంసం, చేప తినను, గుడ్డు తింటాను. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ ఉండాలన్నారు. పూటకు అరకప్పు కూడా పట్టదు. పైగా జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతోంది.

పొట్టలో ఉన్నది చిన్న గది. అందులోకి మొదట ఎవరు వెళ్తే వాళ్లకే చోటు. కాబట్టి ప్రతి పూటా ప్రోటీన్ ముందు, కూర తర్వాత, అన్నమో బ్రెడ్డో అన్నిటికంటే చివర. చోటు లేకపోతే ఆ చివరిది మానేసినా పర్వాలేదు.

లెక్క ఇలా కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లు, 12 గ్రాములు. పదకొండింటికి 200 మిల్లీలీటర్ల పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపి నెమ్మదిగా తాగితే మరో 12. మధ్యాహ్నం 60 గ్రాముల పనీర్, సుమారు 11. సాయంత్రం నీరు వడకట్టిన గట్టి పెరుగు 150 గ్రాములు, 13 దాకా. రాత్రి చిక్కగా ఉడికిన పప్పు 100 గ్రాములు, 8 లేక 9. మొత్తం 56, 57 దగ్గరకొస్తుంది. వే ప్రోటీన్ పొడి అర స్కూపు ఎక్కడైనా కలిపితే 60 దాటేస్తారు. పొడి తియ్యగా ఉంటే వెనకవైపు చక్కెర ఎంతో చూసి కొనండి.

పప్పు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 24 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది, అది ఎండు పప్పుకు. ఉడికాక నీరు పీల్చి మూడింతలవుతుంది, అందుకే గిన్నెలోని 100 గ్రాముల్లో మిగిలేది 8, 9 మాత్రమే. ఇక పైన తేరిన నీళ్లలో ప్రోటీన్ నామమాత్రం. అది తాగి పప్పు తిన్నామనుకోవద్దు.

జుట్టు విషయంలో కంగారు పడకండి. పెద్ద ఆపరేషన్, గబగబా తగ్గిన బరువు, ఈ రెండూ కలిసి చాలా వెంట్రుకల కుదుళ్లను ఒకేసారి విశ్రాంతిలోకి పంపుతాయి. అవి రాలడం సుమారు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. మీకు సరిగ్గా ఆ సమయమే వచ్చింది. కుదుళ్లు చావవు. కొన్ని నెలల్లో రాలడం తగ్గి, కొత్త వెంట్రుకలు వస్తాయి. ఏడాది దాటినా ఆగకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), జింక్ పరీక్షలు చేయించాలి. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే రక్తపరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్ పరీక్ష, గుండె దెబ్బతిన్నదీ లేనిదీ చూసే ట్రోపొనిన్ పరీక్ష దానివల్ల తప్పుగా చూపించవచ్చు.

ప్రశ్న: బైపాస్ అయ్యి ఏడాది. పండ్ల రసం తాగితే పావుగంటలో గుండె దడ, చెమటలు, విరేచనం. ఒక్కోసారి రెండు గంటల తర్వాత చేతులు వణుకుతాయి. ఇంకో సంగతి, రక్తపరీక్షలన్నీ బాగున్నాయి, విటమిన్ మాత్రలు ఆపేయొచ్చా?

పావుగంటకు వచ్చే దడ, రెండు గంటలకు వచ్చే వణుకు రెండూ డంపింగ్ కిందికే వస్తాయి, అంటే తిన్నది గబగబా పేగులోకి జారిపోవడం వల్ల వచ్చే ఇబ్బంది. బైపాస్‌లో తియ్యటి రసం ఆగకుండా పేగులోకి జారిపోతుంది. ఆ చిక్కటి చక్కెరను పలచన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి వస్తుంది. దడ, చెమట, విరేచనం దానివల్లే. రెండు గంటల తర్వాతి వణుకు వేరే. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కడంతో ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై, షుగర్ కిందికి పడిపోతుంది. అప్పుడు భయపడి మళ్లీ తీపి పెద్దగా తింటే మళ్లీ అదే కథ. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే 10 నుంచి 15 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే తీసుకుని, తేరుకున్నాక గుడ్డో పనీరో కొద్దిగా తినండి. స్పృహ తప్పేదాకా వెళ్తే ఆస్పత్రికే. రసం బదులు పండునే, అదీ ప్రోటీన్ తర్వాత, నాలుగు ముక్కలు తినండి. తేనె, బెల్లం కూడా పొట్టకు చక్కెరే.

మాత్రలు మాత్రం ఆపకండి. పరీక్షలు బాగున్నది వాటివల్లనే. బి12 నిల్వ కాలేయంలో కొన్నేళ్లపాటు ఉంటుంది కాబట్టి మానేసిన లోటు ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసేసరికి పాదాలు తిమ్మిరెక్కి, నరాలు దెబ్బతిని ఉండొచ్చు. మామూలుగా సూచించేది బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, విటమిన్ డి3 3000 యూనిట్లు, కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం ఒకేసారి 500, 600 మించి ఒంటికి పట్టదు, రెండు మూడు సార్లుగా పంచుకోవాలి. సిట్రేట్ రకం అడగండి. కార్బొనేట్ కరగడానికి కావలసినంత ఆమ్లం మీ చిన్న సంచిలో తయారు కాదు. ఐరన్‌కూ కాల్షియంకూ రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీలతో ఐరన్ వేసుకోవద్దు. ఇంకొక్క మాట: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండు చేస్తాయి. పొగ తాగినా అంతే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీకు పొట్టకు బైపాస్ అయిందని ముందే చెప్పండి.

ప్రశ్న: సర్జరీకి ముందు 112 కిలోలు. ఏడాదిన్నరకు 74కు వచ్చాను. రెండున్నరేళ్లయింది, ఇప్పుడు 81. పూటకు తక్కువే తింటాను, మధ్యలో టీతో బిస్కెట్లు. మొదట్లో ఉన్న ఉత్సాహం లేదు. చెకప్‌కు వెళ్లాలంటే తలకొట్టేసినట్టుంది.

ముందు మీ అంకెల్నే చూడండి. 112 నుంచి 81 అంటే 31 కిలోలు ఇప్పటికీ తగ్గే ఉన్నారు, అసలు బరువులో నూటికి 27 పైనే. ఏడాదిన్నరకు అతి తక్కువ బరువు చేరి, ఆ తర్వాత కొంత పెరగడం చాలామందిలో ఉంటుంది. మీరొక్కరే చేసిన తప్పు కాదండీ ఇది. మొదటి ఏడాది ఆకలిని అణచిపెట్టిన హార్మోన్ మార్పులు క్రమంగా సడలుతాయి. ఉత్సాహం సంగతీ అంతే. వారం వారం కాటా దిగుతుంటే, చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే అదే నడిపిస్తుంది. అవి ఆగాక ఉత్సాహం కోసం ఎదురుచూడకుండా, ఉత్సాహం లేని రోజున కూడా సాగిపోయే ఏర్పాటు కావాలి.

బిస్కెట్లు ఎందుకు ఇబ్బందో చెప్తాం. గుడ్డు, పప్పు పొట్టలో కాసేపు నిలిచి కడుపు నిండినట్టు చేస్తాయి. బిస్కెట్, చిప్స్, ఐస్‌క్రీమ్ నోట్లోనే కరిగి జారిపోతాయి. టీతో కలిస్తే ఇంకా తొందరగా జారతాయి. ఆరు బిస్కెట్లు తిన్నా నిండినట్టుండదు, కానీ 300 కేలరీల దాకా చేరిపోతాయి. చిరుతిండి మానేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు. సాయంత్రానికి పేరు పెట్టి ఒక తిండి నిర్ణయించుకోండి: నాలుగింటికి గట్టి పెరుగు, బల్ల దగ్గర కూర్చుని, చెంచాతో. టీ అరగంట తర్వాత, ఒట్టి టీ. బిస్కెట్ డబ్బా ఇంట్లో లేకుండా చూడమని ఇంట్లోవాళ్లను మొహమాటం లేకుండా అడగండి.

కాటాతోపాటు ఇంకో కొలత పెట్టుకోండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టి తేదీ వేసి రాయండి. వారానికి రెండు రోజులు అదే కదలికను పదేసి చొప్పున మూడు విడతలు, గోడకు చేతులు ఆనించి పుషప్స్ అన్నే చేయండి. నెలకోసారి మళ్లీ కొలవండి, ఈ అంకె పెరుగుతుంది. ఒక పూట అదుపు తప్పితే సోమవారం దాకా ఆగొద్దు. తర్వాతి పూటే మళ్లీ ప్రోటీన్‌తో మొదలు.

చెకప్‌కు తప్పక వెళ్లండి. పెరుగుదలకు తిండి ఒక్కటే కారణమని ముందే తేల్చేసుకోకండి. థైరాయిడ్, నిద్రలో శ్వాస ఆగడం, ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు, సర్జరీ చేసిన చోట వచ్చిన మార్పులు, ఇవన్నీ చూడాల్సినవే. అవసరమైతే బరువు తగ్గించే మందులూ డాక్టర్లు ఆలోచిస్తారు. వెళ్లేముందు ఏడు రోజులపాటు తిన్నదీ తాగిందీ టైముతో సహా రాయండి, బిస్కెట్లతో సహా. ఆ కాగితం, వాడుతున్న మందుల చీటీ, పాత రక్తపరీక్షల రిపోర్టులు తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే ఏం చెప్పాలో తోచకపోతే, "ఏడు కిలోలు పెరిగాను, ఎందుకో కలిసి చూద్దాం" అనండి చాలు.