కెల్టిక్ చరిత్ర, హోమియోపతి: ఏది ముందు చదవాలి, దేన్ని పక్కన పెట్టాలి

చరిత్ర, కెల్టిక్ సంస్కృతి, హోమియోపతి ఈ మూడింటి మీదా పుస్తకాలు చెప్పమన్నారు. ప్రాచీన కెల్టుల పూజారులైన డ్రూయిడ్ల వైద్యం నుంచే హోమియోపతి పుట్టిందా అని కూడా అడిగారు. ముందు ఆ ప్రశ్న తేల్చేద్దాం. పుట్టలేదు. హోమియోపతిని కనిపెట్టిన సామ్యూల్ హానిమన్ 1755లో జర్మనీలోని మైసెన్‌లో పుట్టిన వైద్యుడు. డ్రూయిడ్లకూ ఆయనకూ ముడిపెట్టే పుస్తకం కనిపిస్తే దాని మీద డబ్బు పెట్టకండి. రెండింటినీ వేరువేరుగానే చదవాలి.

ప్రాచీన యూరప్ ప్రజలైన కెల్టుల విషయంలో మొదటి పుస్తకంగా బ్యారీ కన్లిఫ్ రాసిన 'ది కెల్ట్స్: ఎ వెరీ షార్ట్ ఇంట్రడక్షన్' (2003) చాలు. చిన్నది, వారంలో అయిపోతుంది. తర్వాత ఆయనదే పెద్ద పుస్తకం 'ది ఏన్షెంట్ కెల్ట్స్' తీసుకోండి. పాత పుస్తకాల దుకాణాల్లో 1997 ముద్రణ దొరుకుతుంది కానీ 2018 నాటి రెండో ముద్రణ కోసం ఆగడం మంచిది. కెల్టిక్ భాషలు మధ్య యూరప్‌లో పుట్టాయా, అట్లాంటిక్ తీరంలో పుట్టాయా అన్న వాదం ఈ రెండు ముద్రణల మధ్య కాలంలోనే బాగా ముదిరింది. కన్లిఫ్ తీరం పక్షం. ఆ పక్షాన్ని ఒప్పుకోని భాషావేత్తలు చాలామంది ఉన్నారని గుర్తుంచుకుని చదవండి.

దాని వెంటనే సైమన్ జేమ్స్ రాసిన 'ది అట్లాంటిక్ కెల్ట్స్' (1999) చదవాలి. ఇది వదిలేస్తే మిగతా చదువంతా ఒక పక్కకే ఒరిగిపోతుంది. ప్రాచీన రచయితలెవరూ బ్రిటన్, ఐర్లండ్ ప్రజలను కెల్టులు అనలేదు. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ వెల్ష్, ఐరిష్, కార్నిష్, బ్రెటన్ భాషల బంధుత్వాన్ని చూపించాకే ఆ పేరు అక్కడ స్థిరపడింది. జేమ్స్ వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. మీరు ఆయనతో ఏకీభవించకపోయినా ఫర్వాలేదు. భాష, కళాశైలి, జాతి ఒకటి కావని మాత్రం బుర్రకెక్కుతుంది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్, స్విట్జర్లండ్‌లోని లా టెన్ తవ్వకాల పేర్లు ఏ పుస్తకం తెరిచినా వస్తాయి. అవి వస్తువుల శైలికి పెట్టిన పేర్లే గానీ ఆ వస్తువులు వాడినవాళ్లు ఏ భాష మాట్లాడారో చెప్పవు.

ఇక మూలగ్రంథాలు. డ్రూయిడ్ల గురించి జూలియస్ సీజర్ రాసింది కొద్ది పేజీలే: గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) మీద తన దండయాత్ర గురించి రాసిన 'గాలిక్ యుద్ధం' ఆరో భాగంలో 13, 14 అధ్యాయాలు. కొందరు ఇరవై ఏళ్ల పాటు పద్యాలు కంఠస్థం చేస్తూ చదివేవారని, తమ విద్యను రాతలో పెట్టడం తప్పనుకునేవారని అక్కడే ఉంది. రాసింది వాళ్ల మీదికి దండెత్తిన సేనాపతి అన్న సంగతి మరచిపోవద్దు.

ఐరిష్ వీరగాథ 'టాయిన్'కు థామస్ కిన్సెల్లా అనువాదం (1969) తీసుకోండి. కియరన్ కార్సన్ అనువాదం (2007) భాషలో ఇంకా చురుగ్గా ఉంటుంది కానీ అసలు కథకు ముందు జరిగిన ఉపకథలు అందులో లేవు. అవి తెలియకపోతే ఉత్తర ఐర్లండ్‌లోని అల్స్టర్ రాజ్యపు వీరులు యుద్ధవేళ ప్రసవవేదనతో ఎందుకు మంచాన పడ్డారో, అల్స్టర్ వాడైన ఫెర్గస్ శత్రువుల పక్షాన ఎందుకున్నాడో అర్థం కాక చాలామంది ముప్ఫయ్యో పేజీలో ఆపేస్తారు. ఉచితంగా దొరుకుతుందని లేడీ గ్రెగరీ 1902లో చెప్పిన కథలతో మొదలుపెట్టకండి. నాటి పాఠకులకు నచ్చవనుకున్నవి ఆమె వదిలేశారు. వెల్ష్ కథలకు షోనెడ్ డేవిస్ 'మబినోగియన్' అనువాదం (2007) బాగుంటుంది. పేర్లు ఎలా పలకాలో ముందే చెప్తారు. అందులో మొదట 'నాలుగు శాఖలు' అనే నాలుగు కథలు చదివి, తర్వాత కుల్హూచ్, ఓల్వెన్ కథకు వెళ్లండి. పేర్లూ బంధుత్వాలూ ఒక కాగితం మీద రాసుకోండి, లేకపోతే రెండో కథకే తికమకపడతారు.

ఈ కథల రాతప్రతులు పన్నెండో శతాబ్దం అటూ ఇటూ మొదలుకొని తర్వాతివి, రాసుకున్నది క్రైస్తవులు. కాబట్టి వీటిని చదివి ఇనుపయుగపు మతం ఇదే అనుకోకూడదు.

పక్కన పెట్టవలసినవీ చెప్పాలి. వెల్ష్ డ్రూయిడ్ జ్ఞానమంటూ వచ్చిన 'బార్డాస్' (1862) వెనక ఉన్నది ఇయోలో మోర్గన్వగ్ అనే కవి కల్పన. పదమూడు నెలల చెట్ల పంచాంగం రాబర్ట్ గ్రేవ్స్ 1948లో కూర్చింది. ఇంగ్లండ్‌లోని రాతి వలయం స్టోన్‌హెంజ్ డ్రూయిడ్ల పేరు తొలిసారి వినబడటానికి రెండువేల ఏళ్లకు పైగా ముందే కట్టింది. ఇవన్నీ ఎలా పేరుకున్నాయో రొనాల్డ్ హట్టన్ 'బ్లడ్ అండ్ మిసిల్‌టో' (2009) ఓపికగా విప్పుతుంది. నా లెక్కలో ఈ విషయం మీద అన్నిటికంటే ఉపయోగపడే పుస్తకం ఇదే.

మన వైపు నుంచి ఒక దారి ఉంది. ప్రాచీన ఐరిష్ గ్రంథాల సంపాదకుల్లో అగ్రగణ్యుడైన విట్లీ స్టోక్స్ 1862లో న్యాయవాదిగా మద్రాసు వచ్చి, తర్వాత వైస్రాయ్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడై, ఐరిష్ గ్రంథాలు కొన్నిటిని కలకత్తాలోనే అచ్చు వేయించాడు. ఐరిష్, సంస్కృత సంప్రదాయాల పోలికలు కావాలంటే మైల్స్ డిల్లన్ 'కెల్ట్స్ అండ్ ఆర్యన్స్' సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ 1975లో వేసింది. మన పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అడిగి చూడండి.

కెల్టిక్ దేశాల వైద్యం నిజంగా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే వేల్స్‌లోని మిడ్వై వైద్యుల గ్రంథం చూడండి. అందులోనూ ఒంట్లోని నాలుగు రసాల సమతూకమే ఆరోగ్యమనే సిద్ధాంతం లాంటి యూరప్ సామాన్య వైద్యమే ఎక్కువ. 1861 ముద్రణలో రెండో భాగం ఇయోలో ప్రతుల నుంచి వచ్చింది, దాన్ని అనుమానంతోనే చదవాలి.

హోమియోపతికి హానిమన్ 'ఆర్గనాన్' తప్ప వేరే మొదలు లేదు. తొలి ముద్రణ 1810. ఆరోది ఆయన పోయాక 1921లో వచ్చింది. ఏ ముద్రణ అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మందును పలుచన చేస్తూ కుదిపి పొటెన్సీ (మందు శక్తి) పెంచే పద్ధతి 270వ సూత్రంలో ఐదో ముద్రణకూ ఆరో ముద్రణకూ పూర్తిగా మారిపోయింది. అందుకే ఐదోదానికి డడ్జన్, ఆరోదానికి బోరిక్ చేసిన ఇంగ్లీషు అనువాదాలు కలిపి వేసిన ప్రతి కొనండి. రోగిని ప్రశ్నించే పద్ధతి 83 నుంచి 104 వరకు ఉన్న సూత్రాల్లో ఉంటుంది. బోరిక్ 'మెటీరియా మెడికా' (మందుల వారీగా లక్షణాలు), కెంట్ 'రెపర్టరీ' (1897, లక్షణాల వారీగా మందులు) అవసరమైనప్పుడు వెతుక్కునే గ్రంథాలు, మొదటి నుంచి చివరిదాకా చదివేవి కావు. రెపర్టరీలో మందుల పేర్లు లావు అక్షరాల్లో, వాలు అక్షరాల్లో, మామూలు అక్షరాల్లో మూడు శ్రేణులుగా ఉంటాయి. ఆ తేడా గమనించకపోతే పుస్తకం వృథా.

విమర్శ కూడా చదవాలి. నూరుకు ఒక వంతు చొప్పున పలుచన చేస్తూ పోతే పన్నెండో మెట్టు దాటాక మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. 30సి అంటే అలాంటివి ముప్ఫై మెట్లు. అమెరికన్ వైద్యుడు ఒలివర్ వెండెల్ హోమ్స్ 1842 ఉపన్యాసాలు ఈ లెక్కతో హోమియోపతిని ఎదుర్కొన్న తొలి రచనల్లో ఒకటి. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో అప్పటి పరిశోధనలను పరిశీలించి, హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదంది. హానిమన్ కాలంలో మామూలు వైద్యమంటే రక్తం తీయడం, పాదరసం మందులు. ఆ నేపథ్యం తెలిస్తే హోమియోపతి అంతగా ఎందుకు ఆకట్టుకుందో తెలుస్తుంది. ఈ పుస్తకాలు చరిత్రగా చదవండి. షుగరు, బీపీ, ఫిట్స్ మందులు వాడుతున్నవాళ్లు వీటిని చూసి ఆ మందులు ఆపకూడదు.