పేజీ నంబరు రాసుకోని పేరా

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఫైనలియర్ ప్రాజెక్టులకు రిఫరెన్సులు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో రాయాలని రెండు పీరియడ్లు చెప్పాను, నమూనా షీటు కూడా ఇచ్చాను. అయినా సగం మంది ‘గూగుల్’ అని రాసి ఇచ్చారు. మిగతావాళ్లు సీనియర్ల రికార్డు చూసి దించేశారు. తప్పుకో మార్కు తీసేస్తే దారికొస్తారా? రిఫరెన్సుల పట్టిక తయారుచేసిపెట్టే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్లు వాడనివ్వొచ్చా?
– ఒక అధ్యాపకురాలు, నంద్యాల

జవాబు: ఇప్పుడే మార్కులు తీయకండమ్మా. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్నది చివరి మాట. మనం చూసిన పుస్తకాన్ని ఇంకొకరు వెతికి పట్టుకోవాలి, అందుకే ఈ తంతంతా. ఆ సంగతి ఒంటబట్టనిదే నమూనా షీటు ఎన్నిసార్లిచ్చినా దించుతారంతే.

ఎం.ఫిల్. చేసే రోజుల్లో వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని పాత పత్రికల్లోంచి నోట్సు రాసుకున్నాను. గుంటూరు వచ్చి అధ్యాయం మొదలుపెడితే, అన్నిటికన్నా పనికొచ్చే పేరా కింద పత్రిక పేరుంది కానీ తేదీ లేదు, పేజీ లేదు. మళ్లీ బస్సెక్కాను. రెండు రోజులు పాత సంచికలన్నీ తిరగేశాను. దొరకలేదు. ఆ పేరా తీసేసి థీసిస్ ఇచ్చాను. ఆ వాక్యాలు ఇప్పటికీ నోటికొచ్చు. ఎక్కడివో చెప్పలేను కాబట్టి ఎక్కడా వాడలేదు.

ఆ వెతుకులాట మీ పిల్లలకు లైబ్రరీలోనే చూపించండి. తలా ఒక పుస్తకం ఇవ్వండి. అట్ట చూసి రాయనివ్వకండి. లోపలి టైటిల్ పేజీ, దాని వెనకవైపు చదవమనండి. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎవరు వేశారు అన్నవి సాధారణంగా అక్కడే ఉంటాయి. ఆ వివరాలు ఒక చీటీ మీద రాసి, లోపలి వాక్యం ఒకటి ఎత్తి, పేజీ నంబరు వేసి, పుస్తకం అల్మారాలో పెట్టేయాలి. ఇప్పుడు చీటీలు మార్చుకుని ఎదుటివాళ్ల వాక్యాన్ని వెతకమనండి. నా క్లాసులో ఒకమ్మాయి ‘కన్యాశుల్కం, 45వ పేజీ’ అని మాత్రమే రాసింది. పాపం అవతలి పిల్లాడు మూడు ప్రతులు తీసి మూడింట్లోనూ 45వ పేజీ చూశాడు, ఆ మాట ఎక్కడా లేదు. అప్పుడు చెప్పాను: 1897 నాటి కన్యాశుల్కం వేరు, 1909లో గురజాడ దాదాపు తిరగరాసిన కన్యాశుల్కం వేరు, ఏది చదివావో చెప్పకపోతే ఏ నాటకం గురించి రాస్తున్నావో కూడా తెలియదు అని. ఆ అమ్మాయి మళ్లీ సంవత్సరం వదలలేదు.

తెలుగు పేర్ల దగ్గర మాత్రం ఆగి, నిదానంగా చెప్పండి. ఏపీఏ ఇంటిపేరు ముందు రాయమంటుంది. మనవాళ్లలో చాలామందికి అది ముందే ఉంటుంది. పిల్లలు నియమం పాటిస్తున్నామనుకుని పేరు తిప్పేసి ‘అప్పారావు, గురజాడ’ అని రాస్తారు. రిఫరెన్సుల పట్టికలో ‘గ’ దగ్గర ఉండాల్సిన మనిషి ‘అ’ దగ్గరికి పోతాడు. చివరి మాటే ఇంటిపేరు అనుకునే సాఫ్ట్‌వేర్లూ ఇదే పొరపాటు చేస్తాయి.

సీనియర్ల రికార్డు ఎందుకు పనికిరాదో కూడా చూపించండి. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రచురణ స్థలం రాయక్కర్లేదంది. పాత రికార్డు దించినవాళ్లు ఇంకా ‘హైదరాబాద్:’ అని రాస్తూనే ఉంటారు.

కాపీ రాతల మీద యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, ఇతరుల రాతతో 10 శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. నా మటుకు నేను ఆ అంకెతో పాఠం మొదలుపెట్టను. అది వినగానే పిల్లలు మూలం చెప్పడం మానేసి, మాటలు అటూఇటూ మార్చడంలో పడతారు. చదువుకునే పిల్లలకు అంతకన్నా చెరుపు లేదు.

జొటెరో లాంటివి వాడనివ్వొచ్చా అని కూడా అడిగారు. నిక్షేపంగా వాడనివ్వండి, అది ఉచితమే. ముందు ఒక పది ఎంట్రీలు చేత్తో రాయించండి, లేకపోతే అది పేరు తిప్పేసినా వాళ్లకు తెలియదు. ప్రాజెక్టు పేజీలు డీటీపీ సెంటరుకు వెళ్లేలోపే రిఫరెన్సుల పట్టిక మీరు ఒకసారి చూడండి. అక్కడ టైపు చేసే అబ్బాయి రెండు లైన్లు కలిపేశాడంటే, బైండింగ్ అయ్యాక ఎవరూ దిద్దరు.