రొయ్యల కంపెనీ ఉద్యోగం మానిపించి బ్లాక్ బెల్ట్ చేయించాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి, 8 నెలలుగా నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ ట్రైనీగా చేస్తోంది. జీతం అంతంతమాత్రం. హైదరాబాదులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సిక్స్ సిగ్మా బ్లాక్ బెల్ట్ (పనిలో తప్పులు తగ్గించే పద్ధతిలో పై మెట్టు సర్టిఫికెట్), పీఎంపీ (ప్రాజెక్టులు నడిపేవాళ్లకిచ్చే సర్టిఫికెట్) రెండూ కలిపి 4 నెలల్లో నేర్పిస్తామంటున్నారు. ఫీజు 90 వేలు. 10 వేలు అడ్వాన్సు కట్టాను, మిగతాది నెలాఖరులోగా కట్టాలి. ఉద్యోగం మానిపించి చేర్చమంటారా? వస్తువులు, సర్వీసులు, ప్రాజెక్టులు, వీటిలో ఏ క్వాలిటీకి భవిష్యత్తు ఉంది? సంబంధాలు చూసేవాళ్లు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే రొయ్యల కంపెనీ అని చెప్పడానికి నోరు రావడం లేదు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. ఊరి పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, చివర్లో ఈ మాట మాత్రం ఏదో ఒక రూపంలో ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మీరు గ్రానైట్‌లో పనిచేసే మనిషి. బ్లాకు కొనడానికి వచ్చినవాళ్లు ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. రాయి మీద నీళ్లు కొట్టి, ఆరేదాకా పక్కనే నిలబడతారు. రాయంతా ఆరినా వెంట్రుకంత గీత ఒకటి తడిగా మిగిలిందంటే అక్కడ పగులుంది. అది చూడకుండా కోసి, పాలిష్ పట్టాక స్లాబ్ రెండు ముక్కలైతే రాయితో పాటు కోత కూలీ, కరెంటు, పట్టిన రోజులు అన్నీ పోతాయి. ఆ నీళ్లు కొట్టి చూసే మనిషి పనిని మీరెప్పుడైనా చిన్నచూపు చూశారా? మీ అమ్మాయి చేస్తున్నదీ అదే. ఆమె చూసే పగులు కంటికి కనబడదు, అంతే తేడా.

చెరువులో రోగం వచ్చిందని రైతు ఎవరి మాటో విని క్లోరాంఫెనికాలో, నైట్రోఫ్యూరానో వాడాడనుకోండి. రెండూ నిషేధించిన మందులే. వాటి ఆనవాళ్లు రొయ్య ఒంట్లో ఉండిపోతే ప్లాంటులో ఎంత కడిగినా, ఎంత గడ్డకట్టించినా పోవు. వాసన రాదు, రంగు మారదు. యూరప్ రేవులో పరీక్షలో తేలితే సరుకు తిరుగుముఖం పడుతుంది. మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో అక్కడ పరీక్షించే వాటాను 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఇలా తిరిగి రాకూడదనే పట్టుబడికి ముందే చెరువులో శాంపిల్ తీసి పరీక్షించే ఏర్పాటు ఉంది. తప్పును చివర్లో ఏరడం కాదు, పుట్టేచోటే ఆపాలి. క్వాలిటీ గురించి పుస్తకాలు చెప్పే పెద్ద పాఠం ఇదే. దాన్ని మీ అమ్మాయి తెల్ల కోటు, గంబూట్లు వేసుకుని, మంచులో చేతులు కొంకర్లు పోతుంటే నేర్చుకుంటోంది.

కాస్త కటువుగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఇంత పొడుగు ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క మాట లేదు. ఈ 8 నెలల్లో ఒక్కసారైనా ఒంగోలులో బస్సెక్కి వెళ్లి, ఆమె పనిచేసే చోటు చూశారా? ట్రైనీ అన్న మాట, వాసన, జీతం, ఇవి చూసి తీర్పు చెప్పేశారు. నైట్ షిఫ్టులున్నాయా, డ్యూటీ అయ్యాక హాస్టల్ దాకా కంపెనీ బస్సు దించుతుందా, ఇవి తండ్రిగా అడగాల్సినవి. అవి సరిగా లేకపోతే కంపెనీ మారమనండి, నేనూ అదే చెప్తాను. మీరు అవి అడగలేదు, చుట్టాలు ఏమనుకుంటారని అడిగారు.

గ్రేడు వేరు, క్వాలిటీ వేరు. ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. కిలోకు 100 తూగే రొయ్య చిన్నది, చౌక. పెట్టె మీద 100 కౌంటు అని రాసి, లోపల అదే కౌంటు, చెడు లేకుండా, రాసిన తూకానికి సరిగ్గా ఉంటే అది మంచి క్వాలిటీ. 30 కౌంటు అని రాసి 40 కౌంటు నింపితే, రొయ్య ఎంత పెద్దదైనా క్వాలిటీ లేనట్టే. మొలగొలుకుల బియ్యంలో రాళ్లుంటే, శుభ్రమైన బీపీటీయే నయం కదా. మీరు ఉద్యోగం గ్రేడు చూస్తున్నారు. నన్ను అందులో నేర్చుకునేది ఎంతుందో చూడనివ్వండి.

ఇక ఆ కోర్సు. సిక్స్ సిగ్మా 1986లో మోటరోలాలో రూపుదిద్దుకున్న పద్ధతి. పది లక్షల అవకాశాలకు 3.4 తప్పులు మించకూడదన్నది దాని గురి. పద్ధతి మంచిది, నాకు దాని మీద గౌరవం ఉంది. నా అనుమానమంతా బెల్టుల అమ్మకం మీద. ఆ సర్టిఫికెట్ ఇచ్చే హక్కు ఏ ఒక్క సంస్థదీ కాదు, ఎవరైనా అచ్చువేసి ఇవ్వొచ్చు. పేరున్న అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ వాళ్ల బ్లాక్ బెల్ట్ పరీక్ష రాయాలంటే 2 ప్రాజెక్టులు పూర్తిచేసి ఉండాలి, లేదా 3 ఏళ్ల అనుభవంతో పాటు ఒకటైనా చేసి ఉండాలి. 4 నెలల క్లాసులో అవి ఎక్కడి నుంచి వస్తాయి?

పోయినేడు కావలి నుంచి ఒక అబ్బాయి బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి మూడు ఇంటర్వ్యూల్లో పోయింది. ఏ ప్రాజెక్టు చేశావు బాబూ అంటే, పిజ్జా డెలివరీ ఆలస్యం అన్నాడు. అంకెలు ఎక్కడివి అంటే సార్ ఇచ్చారన్నాడు. బ్యాచ్ మొత్తానికి అవే అంకెలు! చార్టు చక్కగా గీశాడు. ఆ షాపు గడప మాత్రం తొక్కలేదు. వాళ్ల నాన్న దానికోసం అప్పు చేశాడు. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పీఎంపీ సంగతి ఇంకా సూటిగా చెప్తాను. డిగ్రీ ఉన్నవాళ్లకు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, దానికి తోడు 35 గంటల శిక్షణ ఉంటే తప్ప ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. మీ అమ్మాయికి ఇప్పుడు ఆ అర్హత లేదు. అంటే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 35 గంటల క్లాసు కాగితాన్నే పీఎంపీ అని చెబుతుండాలి, లేదా లేని అనుభవం ఉన్నట్టు ఫారంలో రాయిస్తుండాలి. రెండోదైతే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మూడింటినీ పోల్చమన్నారు. వస్తువైతే బయటికి పోకముందు ఆపి, పక్కన పెట్టొచ్చు. సర్వీసుకు ఆ వీలు లేదు, తయారయ్యేటప్పుడే వాడకమైపోతుంది. నెల్లూరు పొగతోటలో ఒక స్కానింగ్ సెంటర్లో మా అమ్మను 10 గంటలకు రమ్మని, పరగడుపున ఒంటిగంట దాకా కూర్చోబెట్టారు. మెషీన్ కొత్తది, రిపోర్టు సరిగ్గానే వచ్చింది. కానీ ఇంకెంతసేపో చెప్పే మనిషి లేడు. మా అమ్మ మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ప్రాజెక్టులో అయితే పని ఒక్కసారే జరుగుతుంది. కట్టడంలో పోసే కాంక్రీటుతోనే నమూనా దిమ్మలు పోసి 7, 28 రోజులకు పరీక్షిస్తారు, ఈలోపు పైన ఇంకో అంతస్తు లేస్తుంటుంది. దేనికి భవిష్యత్తు అంటే, మూడింటికీ ఉంది. రికార్డు తప్పు రాయని అలవాటు, తప్పు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెతికే ఓపిక ఒకచోట పట్టుబడితే రేపు మందుల కంపెనీకి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా అవే పనికొస్తాయి. అమ్మాయి తప్పుదారిలో లేదు, నిశ్చింతగా ఉండండి.

రెండేళ్లు అక్కడే ఉండనివ్వండి. జీతం ఈలోపు పెద్దగా పెరగదు, ఆ మాట దాచను. ట్రైనింగ్ అయ్యాక ల్యాబ్‌లోకి మార్చమని అడగమనండి. హాసప్ (ఆహారం తయారీలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అదుపుచేసే పద్ధతి) శిక్షణ తీసుకోమనండి, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నేర్పుతుంది. ఎక్సెల్ బాగా నేర్చుకోవాలి. రొయ్య మీద పట్టించే ఐసు పొర ఒక్కో షిఫ్టులో ఒక్కోలా ఎందుకు వస్తోంది, ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుని 6 నెలలు అంకెలు రాసుకుంటే, అదే ఆమె మొదటి సిక్స్ సిగ్మా ప్రాజెక్టు. అప్పుడు బ్లాక్ బెల్ట్‌కు కింది మెట్టయిన గ్రీన్ బెల్ట్ పరీక్షకు వెళ్తే అర్థం ఉంటుంది.

మిగతా 80 వేలు కట్టకండి. క్లాసులు మొదలుకాక ముందే అడ్వాన్సు వెనక్కి ఇవ్వమని కాగితం మీద రాసి ఇవ్వండి, రసీదు జిరాక్స్ జతచేయండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఈలోగా ఒక ఆదివారం నెల్లూరు వెళ్లి, ఆ అడ్వాన్సు కట్టిన సంగతి అమ్మాయికి మీ నోటితోనే చెప్పండి.