వెనుక బ్రేకు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి విజయనగరం నుండి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నీ కారు వెనుక చక్రం పట్టేస్తోందనీ, షెడ్డుకు ఇవ్వకుండా ఇంటి దగ్గరే బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ విప్పి దానిలోని పిస్టన్ నువ్వే బాగుచేస్తానంటున్నావనీ చెప్పింది. వాడికి నీ పిచ్చే అంటుకుందని దెప్పింది కూడా. ఆ మాటకు లోలోపల పొంగిపోయాను. కాని, ఆ పని ముగించి ఆదివారం పిల్లలతో శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటీ ఎక్కుతావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎక్కడం గురించి నాకు బెంగ లేదు, దిగడం గురించే.

హ్యాండ్‌బ్రేకు వదిలితే గాని వెనుక పిస్టన్ లోపలికి వెళ్లదు కాబట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు అడ్డుపెట్టు. జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టకు, స్టాండు వెయ్యి. విప్పిన కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టు.

ముందు చక్రాల పిస్టన్‌ను నొక్కితే వెనక్కి పోతుంది. నీ బండిలో వెనుక పిస్టన్‌లోనే హ్యాండ్‌బ్రేకు మర ఉంది గనుక, దానిని నొక్కుతూ తిప్పాలి. సి-క్లాంపు పెట్టి బలవంతంగా నొక్కావంటే లోపలి మర విరుగుతుంది. చాలా బండ్లలో గడియారపు ముల్లు తిరిగే వైపే తిప్పాలి, కొన్నింటిలో ఒక పక్కది ఎదురు తిరుగుతుంది. అది తిరగడం లేదంటే ఆగి ఆలోచించాలి గాని, పానాకు పొడుగు గొట్టం తొడగకూడదు. పిస్టన్‌తో పాటు, దుమ్ము చొరకుండా దాని చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, అదే డస్ట్ బూటు, మెలిపడుతోందేమో చూస్తూ ఉండు. చివర్లో పిస్టన్ మీది గాడి, ప్యాడ్ వెనుక ఉన్న చిన్న బుడిపెకు ఎదురుగా రావాలి. పిస్టన్ లోపలికి పోతున్న కొద్దీ పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది, కాస్త ముందే సిరంజితో తీసెయ్యి. పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది.

ఈ బ్రేక్ ఆయిల్ అనే పేరే నన్ను ఒకసారి నిలువునా ముంచింది. 1986 వేసవిలో నేను సాలూరులో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకుంటూ, తెలిసినవారి పాత జీపుకు వెనుక చక్రాల బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్లు విప్పాను. ఆయిల్ అన్నారు కదా, నూనె మరకను కిరసనాయిలు కంటే బాగా కడిగేదేముందని, పిస్టన్లతో పాటు రబ్బరు కప్పులను కూడా కిరసనాయిలు గిన్నెలో గంటసేపు నానబెట్టి, తళతళలాడించి బిగించాను. అది నూనె కాదనీ, ఆ రబ్బరు పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, గ్రీజు వేటినీ ఓర్వలేదనీ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు మా నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని కొరాపుట్ వెళ్లాను. తిరుగు దారిలో చింతపండు బస్తాలతో ఘాటీ దిగుతుంటే మాడు వాసన వచ్చింది. ముందు పోతున్న లారీదే అనుకున్నాను. ఉబ్బిన కప్పులు పిస్టన్లను వెనక్కి రానివ్వక, బ్రేకు షూలు చక్రం డ్రమ్మును రాసుకుంటూనే ఉండి, ఆ వేడికి లోపలి ద్రవం మరిగిందని తర్వాత అర్థమైంది. మలుపు దగ్గర పెడలు మెత్తగా నేల దాకా దిగిపోయింది. గేరు రెండుకు, ఒకటికి తెచ్చి, కొండ వైపు గట్టుకు రాసి ఆపాను. నాన్న మోకాలు చిట్లింది. ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం కొత్త కప్పు పక్కన పెట్టి చూస్తే, నాది నానిన శనగలా ఉబ్బి, గోటితో గీస్తే మెత్తగా దిగబడింది.

నీ కాలిపర్‌లో ఉండే నలుపలకల సీలు కూడా ఆ జాతిదే. బ్రేకు వదలగానే పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, వంగి మళ్లీ నిలబడే ఆ సీలే. కాబట్టి దానిని తాజా బ్రేక్ ఆయిల్‌తోనే కడుగు, దానితోనే తడిపి ఎక్కించు. బండి ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అని ఆయిల్ రకం రాసి ఉంటే అదే పొయ్యి. మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసా వద్దు, అది గాలిలో తేమ తాగుతుంది. కొత్త డాట్ 4 మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి, తేమ పట్టినది 155 దగ్గరే మరిగిపోవచ్చు. పిస్టన్ మీద తుప్పు గుంటలు కనబడితే గరుకు కాగితం పెట్టి మొండికెయ్యకు, కొత్తది కొను. డబ్బులు లేకపోతే నన్నడుగు, మీ అమ్మను కాదు.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని కాలిపర్ మీది నిపుల్ వదులు చేసి తీసేటప్పుడు కోడలిని పెడలు నొక్కి పట్టమను. నువ్వు నిపుల్ బిగించి "వదులు" అనే దాకా ఆమె కాలు ఎత్తకూడదు. ఆమె మీద విసుక్కోకు.

ఆ ఘాటీ తర్వాత, మా నాన్న నేను బాగుచేసిన ఏ బండి ఎక్కాలన్నా, డ్రైవింగు రాకపోయినా, ముందు నా సీట్లో కూర్చుని పెడలు మీద కాలు వేసి చూసేవారు. అప్పుడు నాకు చిన్నతనంగా ఉండేది. శనివారం పొద్దున్నే కాంప్లెక్సులో బస్సెక్కి బొబ్బిలి వస్తాను. నేను వచ్చి కూర్చునే దాకా బండి గేటు దాటించకు.

ఇట్లు
మీ మావయ్య