అడవి చదువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. ఫారెస్ట్రీ పీజీ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను. అమ్రాబాద్ అడవిలో నల్లమద్ది, ఏగిస మొలకలు ఎంతవరకు నిలదొక్కుకుంటున్నాయో చూడాలి. ఫెలోషిప్ ఇంకా రాలేదు, గైడ్‌గారేమో వచ్చే నెల ప్లాట్లు (మొక్కల లెక్కకు అడవిలో కొలిచి గుర్తుపెట్టే చదరాలు) వేయమంటున్నారు. దేంతో మొదలుపెట్టాలి?
– ఒక పరిశోధకురాలు

జవాబు: అనుమతితో. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కోర్ (లోపలి ప్రధాన భాగం) ఒక్కటే 2,166 చదరపు కిలోమీటర్లు. అక్కడ పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. కొమ్మ, కాయ కోసి తేవాలంటే అదీ అర్జీలోనే అడగాలి. ఏ బీట్లు (ఒక్కో గార్డు కింద ఉండే అడవి భాగాలు), ఎన్ని ప్లాట్లు, ఏ నెలలు, ఏ చెట్టువి ఎన్ని నమూనాలు, అన్నీ అంకెల్లో రాయండి. అర్జీ గైడ్‌గారి పేరుతో వెళ్లినా మీ పేరు విడిగా ఉండేలా చూసుకోండి. 'మరో ఇద్దరు సహాయకులు' అని రాసి ఊరుకుంటే గైడ్‌గారు రాని రోజు చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతారు.

ఇక డబ్బు. ఎస్టీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తారు. ఎంపికైనా సొమ్ము ఖాతాలో పడేదాకా నెలలు గడవొచ్చు. చాలాసార్లు చిక్కు కాగితాల్లోనే ఉంటుంది. కుల ధ్రువీకరణలో ఇంటిపేరు 'రమావత్' అని పూర్తిగా ఉండి, టెన్త్ మెమోలో 'ఆర్.' అని, ఆధార్‌లో అసలే లేకపోతే పరిశీలన దగ్గర ఫైలు నిలబడుతుంది. చేరిన వారంలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ (అనుసంధానం) అయిందో లేదో కూడా అడగండి.

ఈలోగా జీపు కిరాయి, వాచర్ కూలి, తిండి మీ జేబులోంచి పెట్టకండి. 'బిల్లులు పెట్టు, తర్వాత ఇస్తాం' అన్న పద్ధతి ఇంట్లో వెసులుబాటు ఉన్నవాళ్లకే నడుస్తుంది. ప్రాజెక్టు కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల నిధి) నుంచి ట్రిప్పుకు ముందే అడ్వాన్సు అడగండి. అడగడం మీ వంతు, ఇప్పించడం గైడ్‌గారి వంతు.

ప్లాటు సంగతి. చెట్లకు 20×20 మీటర్లు, అందులో చిన్న మొక్కలకు 5×5, మొలకలకు 1×1. వాలు నేల మీద టేపును నేలకు ఆనించి 20 మీటర్లే కొలిస్తే ప్లాటు చిన్నదైపోతుంది. 20 డిగ్రీల వాలుకు 21.3 మీటర్లు కావాలి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, ఎగువ వైపు నిలబడి తీయండి. అన్నిటికన్నా పెద్ద తప్పు మొలకల లెక్కలో జరుగుతుంది. ఏటా నిప్పుకు కాలి, పాత వేరు నుంచే మళ్లీ లేచిన పిలకను కొత్త మొలకగా రాసేస్తారు. కాడ మొదట్లో నాలుగు వేళ్ల మట్టి తీయండి. కాడకన్నా వేరు లావుగా, నల్లబారిన మచ్చలతో కనిపిస్తే అది పాతదే. దానికి వేరే కాలమ్ పెట్టండి.

ప్రశ్న: నా విద్యార్థినిని అడవికి పంపడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు. టాపిక్ ల్యాబ్‌కు మార్చమంటారా?
– ఒక అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మార్చకండి. ఆమెతోపాటు మరో విద్యార్థినిని పంపండి, ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాయండి. బస, మరుగుదొడ్డి మీరు వెళ్లి చూసి రండి. సాయంత్రం ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేయాలో, సిగ్నల్ లేకపోతే ఎవరు వెళ్లి చూస్తారో కాగితం మీద పెట్టి ఇంటివాళ్లకు ఇవ్వండి. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ప్రకారం పని మీద వెళ్లిన చోటు, తీసుకెళ్లిన వాహనం కూడా పని ప్రదేశమే. వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ నంబరు బయల్దేరక ముందే ఆమె ఫోన్‌లో ఉండాలి. యూజీసీ 2022 నిబంధనల్లో మహిళా స్కాలర్లకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుంది. అది ఆమె అడిగేదాకా ఆగక మీరే చెప్పండి.

ప్రశ్న: మాది మన్ననూరు దిక్కు చెంచు పెంట (అడవిల గూడెం). మూడేండ్లు సార్ల ఎంబడి తిరిగి చెట్ల పేర్లు చెప్పిన, టేపు పట్టిన. వాళ్లు రాసిన పరిశోధన పేపర్ల నా పేరు లేదంట. అడగొచ్చునా?

జవాబు: అడగొచ్చు. పేర్లు చెప్పినందుకు కృతజ్ఞతల్లో మీ పేరు, పెంట పేరు ఉండటం కనీస మర్యాద. ప్లాట్లు ఎక్కడ వేయాలో మీరే తేల్చి, లెక్కలు సరిచూసి, రాతప్రతి చదివించుకుని ఒప్పుకున్నారంటే సహరచయితగా ఉండాలని గట్టిగా అడగండి. అచ్చయ్యాక మార్పించడం కష్టం, కాబట్టి ఈసారి పని మొదలుకాక ముందే కూలి ఎంత, పేరు ఎక్కడ అన్నది రాయించుకోండి. ఇంటర్ బైపీసీ చదివి ఉంటే సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల బీఎస్సీ ఫారెస్ట్రీ ప్రకటన కోసం చూడండి. సర్టిఫికెట్ల పనికి మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అడగండి.