కుండలో దాచిన క్రయపత్రం

ప్రశ్న: మా నాన్నగారు కిందటేడు పోయారు. నలభై ఏళ్లు సికింద్రాబాదులో అద్దె ఇళ్లలోనే గడిపారు. "దేవుడు మాట తప్పడమ్మా, వేయి తరాల దాకా నిబంధన నిలుపుతాడు" అని రోజూ అనేవారు. సొంత ఇల్లు చూడకుండానే వెళ్లిపోయారు. ఆయన బైబిలు తెరవబోతే ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. వాగ్దానం అంటే ఇదేనా?
– ఒక సోదరి, వారాసిగూడ

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మనకు ఇల్లు కట్టిస్తానని దేవుడు బైబిల్లో రాసివ్వలేదు. ఇశ్రాయేలుకు ఇచ్చిన మాటను మన ఫ్లాటుకు హామీగా చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను. వాటిని నమ్మి కుంగిపోయినవాళ్లనూ చూశాను. కానీ మీ నాన్నగారు పట్టుకున్న మాట ద్వితీయోపదేశకాండం 7లో ఉంది. ఆయన పట్టుకున్నది గట్టి మాటే.

నేను ఇరవై ఆరేళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. అందుకే బైబిల్లో భూమి కొనుగోలు కనిపిస్తే అక్కడే ఆగిపోతాను. ఈ దేశం నీ సంతానానిదని దేవుడు అబ్రాహాముతో అన్నాడు. అబ్రాహాము కొన్నదల్లా భార్య శారాను పాతిపెట్టడానికి ఎఫ్రోను అనే ఆసామికి 400 తులాల వెండి తూచి ఇచ్చి తీసుకున్న పొలం, అందులోని మక్పేలా గుహ. ఆదికాండం 23లో పొలం, గుహ, హద్దుల లోపలి చెట్లు అన్నీ వరసగా ఉంటాయి, ఊరి గవిని దగ్గర సాక్షులతో సహా. అచ్చం మేం దస్తావేజులో ఆస్తి వివరాలకు రాసే షెడ్యూలే.

యిర్మీయా 32 చదివితే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. యిర్మీయా ప్రవక్త ఖైదులో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, వాళ్ల సొంతూరు అనాతోతులోని పొలం కొనమన్నాడు. అలాంటి భూమి బేరానికొస్తే నేనైతే "వద్దు బాబూ" అని పంపించేసేవాణ్ణి. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షులు సంతకాలు పెట్టారు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి, రెండింటినీ తన లేఖకుడు బారూకు చేత మట్టికుండలో పెట్టించాడు, చాలాకాలం నిలవాలని. మా నాన్నగారి కాగితాలు ఒక వానాకాలం ట్రంకు పెట్టెలో చెమ్మకు అతుక్కుపోయాయి. మడత విప్పితే ఊరి పేరు సగం నా వేళ్లకే అంటుకొచ్చింది. ఆ కుండ ఎందుకో నాకు బాగా తెలుసు.

ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారని దేవుడు అప్పుడే చెప్పాడు. యిర్మీయా మాత్రం ఆ రోజు చూడలేదు. ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు. తర్వాత కోరెషు రాజు కాలంలో బబులోను చెరలోంచి తిరిగొచ్చినవాళ్ల లెక్క ఎజ్రా 2లో ఉంది. 23వ వచనం చూడండి: ఆ పొలం ఉన్న అనాతోతువారు 128 మంది. చాలామంది ఆ జాబితాను దాటేసి చదువుతారు. నేను ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీసుకున్నాను.

కోపం గురించి అడిగారు. పొలం కొన్నాక యిర్మీయా కూడా ప్రార్థనలో అడిగాడు: పట్టణం శత్రువుల పాలవుతుంటే నన్ను వెండి ఇచ్చి పొలం కొనమన్నావేమిటని. దేవుడు ఆయనను కసరలేదు, జవాబు చెప్పాడు. మీరూ కోపంతోనే ఆ బైబిలు తెరవండమ్మా. యిర్మీయా 32 దగ్గర మీ నాన్నగారు ఏమైనా గీత గీశారేమో చూసి నాకు రాయండి.